ఆకుపచ్చ అట్ట పుస్తకం

మే నెలాఖరు, గురువారం రాత్రి.

ఈ ఉదయం 8 గంటలకు గ్రంథాలయం తలుపు తీసేసరికి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ముగ్గురు దినపత్రికల కోసం రోజూ వచ్చేవారే. నాలుగవ ఆయనను మాత్రం నేను ఇంతకు ముందు చూడలేదు. అరవై అయిదేళ్లు ఉంటాయి. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని, చెప్పులు గడప బయటే విడిచి, పత్రికల బల్ల వైపు చూడనైనా చూడకుండా నేరుగా నా దగ్గరకు వచ్చారు.

“అమ్మాయ్, పసుపు మీద పుస్తకం ఒకటి ఉండాలి ఇక్కడ. ఆకుపచ్చ అట్ట. పల్చగా ఉంటుంది” అన్నారు.

పేరు గుర్తు లేదు, రాసినవారు గుర్తు లేరు. పెళ్లయిన కొత్తలో ఇదే గ్రంథాలయంలో చదివారట. పోయినేడు ఆయన వేసిన పసుపులో అరెకరం దుంపకుళ్ళుతో పోయింది. ఈసారి జూన్‌లో నాటే ముందు విత్తనపు కొమ్ములను మందు నీళ్లలో నానబెట్టాలని ఆయన పట్టుదల. ఆ మందు పేరు ఆ పుస్తకంలో ఉందని, అప్పట్లో అలా చేసిన ఏడు ఒక్క దుంప కూడా కుళ్ళలేదని, ఇప్పుడు ఏ కొట్టులో అడిగినా ఎవరి దగ్గర ఉన్న సీసా వారు చేతిలో పెడుతున్నారని చెప్పుకొచ్చారు.

అట్ట రంగు చెప్పి పుస్తకం అడగడం నాకు కొత్త కాదు. గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు చదివినప్పుడు రచయిత పేరుతో, పుస్తకం పేరుతో, విషయంతో సూచికలు తయారు చేయడం నేర్పారు గాని, రంగుల సూచిక మాట ఎవరూ ఎత్తలేదు. నిజానికి పాఠకులలో సగం మందికి గుర్తుండేది రంగు, మందం, ఆ పుస్తకం ఏ అరలో ఏ ఎత్తున ఉండేదో అంతే. ఆయన కూడా కిటికీ పక్క బీరువా చూపించి “అక్కడుండేది” అన్నారు. ఇప్పుడు అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నాయి.

ఇన్‌చార్జి లైబ్రేరియన్ గారు రెండు గ్రంథాలయాలు చూస్తారు కాబట్టి వారంలో సగం రోజులు ఇక్కడ నేనే అన్నీ. ఉద్యోగం పేరుకు పార్ట్ టైం. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు రెండు పూటలా రావాలి. ‘పార్ట్’ అన్న మాట జీతానికి మాత్రమే వర్తిస్తుందని మా ఆయన హాస్యమాడుతుంటారు. ఊడ్పించడం, పత్రికలకు ముద్ర వేసి బల్ల మీద పరచడం, ఇచ్చిన పుస్తకాలకు తేదీ వేయడం, తిరిగి వచ్చినవాటిని అరల్లో సర్దడం, వేసవి సెలవుల్లో పిల్లలకు కథలు చదివి వినిపించడం, అన్నీ ఆ ఆరు గంటల్లోనే జరగాలి. ఆ పెద్దాయనను కూర్చోబెట్టి, పత్రికల పని ముగించుకుని, గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే అక్సెషన్ రిజిస్టరు తీశాను.

మా దగ్గర రిజిస్టర్లు మూడు. రెండవ దానిలో 1979 నాటి పేజీల్లో, నీలి సిరా వెలిసిపోయిన చేతివ్రాతలో, పసుపు సాగు గురించిన పుస్తకం ఒకటి కనిపించింది: 1978 ముద్రణ, 48 పుటలు. చివరి గడి ఖాళీగా ఉంది. చిరిగిపోయినా, పోయినా, తొలగించినా ఆ గడిలో రాసి సంతకం పెట్టాలి. ఖాళీగా ఉన్నదంటే లెక్క ప్రకారం పుస్తకం ఈ నాలుగు గోడల మధ్యే ఉండాలి. ఆ సంగతి చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. అలా చెప్పడంలో నేను కొంత తొందరపడ్డానేమో.

విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు ఇచ్చే డ్యూయీ వర్గీకరణలో వ్యవసాయం 630, పొలం పంటలు 633. మా పుస్తకాలలో మూడింట రెండు వంతులు 894.827 కింద, అంటే తెలుగు సాహిత్యంలోనే ఉంటాయి కాబట్టి వ్యవసాయానికి మిగిలింది ఒకే ఒక అర. దానిని మొత్తం దించి చూశాను. వరి, పత్తి, మిరప, అరటి ఉన్నాయి, పసుపు లేదు. దాని పై అర, కింది అర, బీరువా వెనుక సందు కూడా చూశాను. సందులో రెండు నవలలు, ఒక జ్యామితి పెట్టె, చెదలు తిన్న పంచాంగం దొరికాయి.

తప్పు చోట పెట్టిన పుస్తకం పోయినదానితో సమానమని పాఠం చదువుకున్నాను గాని, దాని అర్థం ఇలాంటి రోజునే తెలుస్తుంది. దొంగతనం కన్నా మంచితనం వల్లనే మాకు ఎక్కువ నష్టం. చదివిన పుస్తకాన్ని బల్ల మీద వదిలేయండి, మేము సర్దుకుంటాం అని గోడ మీద రాసి ఉన్నా, మర్యాద తెలిసిన పాఠకులు లేచి వెళ్లి ఖాళీ కనిపించిన చోట దోపి వెళతారు. వేసవిలో పిల్లలైతే ఎత్తును బట్టి వరుసగా పేరుస్తారు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది, వెతకబోతే ఏదీ దొరకదు.

పది దాటిన తరువాత ఆయన లేచి, “ఊరికే వచ్చి నిన్ను ఇబ్బంది పెడుతున్నాను తల్లీ” అన్నారు. ఆ ‘ఊరికే’ అన్న మాట నాకు పట్టుకుంది. “ఊరికే ఏమీ కాదు బాబాయి గారూ, ఇంటి పన్ను రసీదు చూడండి, ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు మీరు కడుతూనే ఉన్నారు” అన్నాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసే ఈ సెస్సే జిల్లా గ్రంథాలయ సంస్థలకు ముఖ్యమైన ఆధారం. ఆయన కొంతసేపు లెక్క వేసుకుని, “అయితే నలభై ఏళ్ల నుంచి చందా కట్టి ఒక్క పుస్తకమూ తీసుకోనివాణ్ణన్నమాట” అని నవ్వారు. సాయంత్రం మళ్లీ వస్తానని, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాయించి, మోపెడ్ మీద వెళ్లిపోయారు. వారి ఊరు ఇక్కడికి నాలుగు మైళ్లు.

మధ్యాహ్నం ఇంట్లో కొత్త ఆవకాయ కలుపుకుని తింటూ కూడా ఆ పుస్తకం గురించే ఆలోచించాను. మా ఇంటికి కొంత దూరంలో పారే కాలువల మీదనే, కొల్లిపర నుంచి పెదవడ్లపూడి వరకు, 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. గట్టు వెంట ఊళ్లలో పడవ ఆగేది, పుస్తకం మనిషి దగ్గరకు వచ్చేది. ఆ సంగతి చెప్పుకుని మేము ప్రతి నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలలో గర్వపడతాం. ఈ రోజు అదే నేల మీద, రోహిణి కార్తె ఎండలో, ఒక మనిషి తనకు కావలసిన 48 పుటల కోసం రానూ పోనూ ఎనిమిది మైళ్లు తిరిగాడు, మళ్లీ తిరగబోతున్నాడు. పాఠకుడి కాలాన్ని పొదుపు చేయమన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు చెప్పిన అయిదు సూత్రాలలో నాలుగవది. పరీక్షలో దానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను.

సాయంత్రం ఆయన నాలుగున్నరకే వచ్చి తానే అరల మధ్య తిరుగుతూ ఆకుపచ్చగా కనిపించిన ప్రతిదీ తీసి చూశారు. ఆరు కాగానే పాలు పితికే వేళయిందని వెళ్లిపోయారు. నేను రిజిస్టరు ముందు కూర్చుని, ఆ పసుపు పుస్తకానికి పైనా కిందా ఉన్న పద్దులు చూడటం మొదలుపెట్టాను. కోళ్ల పెంపకం, పాడి పశువుల మేత, కంపోస్టు తయారీ. వరుసగా ఆరు పద్దులూ సన్నని పుస్తకాలే, ఆరింటికీ ధర రెండు రూపాయల లోపే. అప్పుడు తట్టింది. ఇంత సన్నని పుస్తకాలు అరలో నిలబడవు, నలిగిపోతాయి. కాబట్టి పాతకాలపు లైబ్రేరియన్లు కొన్నింటిని కలిపి బైండు చేయించి, పైన ఉన్న మొదటి పుస్తకం నంబరునే వీపు మీద అతికించేవారు. మొదటిది కోళ్ల పెంపకం. వర్గ సంఖ్య 636.

636లో వెతకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. గోధుమ రంగు కాలికో గుడ్డ అట్ట, వీపు మీద ఏ పేరూ లేదు. లోపల నాలుగవదిగా, అసలు అట్టతో సహా, ఆకుపచ్చగా అది ఉంది. ప్రతి గ్రంథాలయానికీ తన ముద్ర రహస్యంగా వేసుకునే పుట ఒకటి ఉంటుంది. మాది ఎన్నవ పుటో ఈ డైరీలో కూడా రాయను. ఆ పుట తీసి చూస్తే ముద్ర, రిజిస్టరులోని నంబరే, స్పష్టంగా ఉన్నాయి. ఆయన సాయంత్రమంతా ఈ బైండు ముందు నుంచి కనీసం రెండుసార్లు నడిచి ఉంటారు, ఆకుపచ్చ కోసం చూస్తూ.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. విత్తనశుద్ధి గురించి ఉన్న పుట తీసి చదివితే, కొమ్ములను నానబెట్టమన్నది పాదరసం గల మందు నీళ్లలో. నాకు వ్యవసాయం అంతగా తెలియదు గాని పాదరసం అనగానే చేయి వెనక్కి తగ్గింది. ఫ్యాను కింద మూలన మూడు నెలలుగా అదే కుర్చీలో తన పుస్తకాలు తానే తెచ్చుకుని చదువుకునే అబ్బాయి ఉద్యానవన డిప్లొమా చేశాడని, ఉద్యోగ ప్రకటన కోసం ఎదురు చూస్తున్నాడని నాకు తెలుసు. మా పుస్తకం ఒక్కటీ తీసుకోడు, మంచినీళ్ల కుండ ఖాళీ అయితే మాత్రం చెబుతాడు. అతనికి ఆ పుట చూపించాను. చదివి, “మేడమ్, పాదరసపు మందులన్నీ మన దేశంలో ఎప్పుడో నిషేధించారు, ఇది ఎవరికీ ఇవ్వకండి” అన్నాడు. ఇప్పుడు మాంకోజెబ్ అనే తెగులు మందు ద్రావణంలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఆ తరువాత ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని పట్టించమంటారని, అంతకన్నా ముందు మడిలో నీరు నిలవకుండా చూసుకోవాలని తన నోట్సు తీసి చూపించాడు. నీరు నిలవకూడదన్న మాట మా 1978 పుస్తకంలోనూ ఉంది.

పెద్దాయనకు ఫోన్ చేశాను. పుస్తకం దొరికిందనగానే ఎంతో సంబరపడ్డారు. మందు సంగతి చెప్పేసరికి కాసేపు మాట లేదు. తరువాత, “అంత విషమైతే ఇంకేం కుళ్ళుతుందిలే” అన్నారు. శుక్రవారం సెలవు కాబట్టి శనివారం ఉదయం వస్తానన్నారు. అబ్బాయి కూడా ఆ వేళకు ఉంటానని, తనకు తెలిసిన ఉద్యాన అధికారితో ఫోన్‌లో మాట్లాడిస్తానని చెప్పాడు.

ఇన్‌చార్జి గారికి కూడా చెప్పాను. ఈసారి తొలగించే పుస్తకాల జాబితాలో ఆ బైండు చేర్చమన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. గ్రంథాలయం ముద్ర ఉన్నదాన్ని మనుషులు నమ్ముతారు, అచ్చులో ఉన్నదాన్ని మరీ నమ్ముతారు. అయినా నాకు మనసు ఒప్పడం లేదు. విత్తనం ఎంపిక, బోదెలు వేయడం, ఉడకబెట్టి ఆరబెట్టడం గురించి అందులో ఉన్నదంతా ఈ ప్రాంతపు రైతులు ఇప్పటికీ చేస్తున్నదే. ఒక్క పుట తప్పయినందుకు ఆరు పుస్తకాలను తూకానికి వేయడం ఎందుకు? జాబితాకు ఇంకా నెల గడువు ఉంది. శనివారం ఇన్‌చార్జి గారు రాగానే మళ్లీ అడుగుతాను.

ఏడు దాటాక అందరూ వెళ్లిపోయిన తరువాత, లోపల ఉన్న ఆరు పుస్తకాల పేర్లూ ఒక కాగితం మీద రాసి బైండు వీపుకు అతికించాను. 633 అరలో, పసుపు ఉండవలసిన చోట, 636లో చూడమని ఒక అట్టముక్క నిలబెట్టాను. విత్తనశుద్ధి పుటకు ఎదురుగా మరో చీటీ అంటించాను: “ఇందులోని మందుల పేర్లు 1978 నాటివి. వాడవద్దు. వ్యవసాయ అధికారిని అడగండి.” జిగురు తడి ఆరకుండా మూస్తే పుటలు అంటుకుపోతాయి కాబట్టి మధ్యలో పాత పత్రిక ముక్క పెట్టి, రెండవ రిజిస్టరును బరువుగా పైన ఉంచి, తాళం వేసి వచ్చాను.