పాత రేంజ్ రోవర్ 3.5 వి8: హెడ్ల పని ఎంతవరకు వచ్చిందంటే

బండి రేంజ్ రోవర్ క్లాసిక్. ఇంజిన్ 3.5 లీటర్ల వి8, హెడ్‌కు (సిలిండర్లను పైనుంచి మూసే, వాల్వులుండే భాగం) 14 బోల్టులుండే పాత రకం, హెడ్‌కూ బ్లాకుకూ మధ్య లీకు ఆపే గాస్కెట్లు రేకువి. ఐడిల్‌లో వణుకు, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి పొగ. కూలెంట్ మాత్రం తగ్గడం లేదు, రేడియేటర్లో బుడగలూ లేవు.

కంప్రెషన్ పరీక్ష

ఇంజిన్ వేడిగా ఉండగా ఎనిమిది ప్లగ్గులూ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి కొలిచాం. ఆరు సిలిండర్లు 135 నుంచి 140 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. 2వది 95, 5వది 105. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రెండు అంకెలూ కదల్లేదు, కాబట్టి రింగులను అనుమానించక్కర్లేదు. తర్వాత ఒక్కో పిస్టన్‌ను కంప్రెషన్ పై చివరకు తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి గాలి పెట్టాం. 2వది సైలెన్సర్ గొట్టంలో బుసకొట్టింది: ఎగ్జాస్ట్ వాల్వ్. 5వ దాని గాలి ఆయిల్ పోసే మూత దగ్గర వినిపించింది.

ఈ రెండో చప్పుడు దగ్గరే చాలామంది రింగులు పోయాయనుకుని పిస్టన్లు దించేస్తారు. ఈ ఇంజిన్‌లో రెండు సిలిండర్ల వరుసల మధ్య లోయ, కింద ఆయిల్ ఉండే క్రాంక్‌కేసుతో కలిసే ఉంటుంది. గాస్కెట్ లోయ వైపు అంచున లీకైతే గ్యాస్ నీళ్లలోకి పోదు, ఆయిల్ వైపు పోతుంది. బ్రీదర్ పొగకు కారణం అదే.

విప్పడం

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులకు రెండు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. అయినా కదలకపోతే బలం పెట్టొద్దు. బోల్టు చుట్టూ అల్యూమినియాన్ని వేడిచేసి, బిగించే వైపు కాస్త, విప్పే వైపు కాస్త ఆడించాలి. పుష్‌రాడ్లు, రాకర్లు (కామ్ కదలికను వాల్వులకు చేరవేసే కడ్డీలు, మీటలు) ఏ స్థానంలోవి ఆ స్థానంలోకే వెళ్లాలి. అట్టపెట్టెకు 16 చిల్లులు పెట్టి అంకెలు వేసుకుంటే చాలు. రాకర్ షాఫ్టులు ఎటు తిరిగి ఉన్నాయో విప్పకముందే గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి బిగిస్తే ఆయిల్ రంధ్రాలు తప్పు వైపుకు పోతాయి.

హెడ్లు లేచాక 5వ సిలిండర్ దగ్గర గాస్కెట్ మీద లోయ వైపుగా నల్లటి చార కనిపించింది. దాని మూలం బయటి వరుస బోల్టుల్లో ఉంది. ఒక్కో హెడ్‌కు పొడవు బోల్టులు 3, మధ్యరకం 7, పొట్టివి 4. ఆ పొట్టి నాలుగూ ఎగ్జాస్ట్ వైపు అడుగున ఉంటాయి. వాటిని గట్టిగా బిగిస్తే హెడ్ బయటికి ఒరిగి, లోయ వైపు గాస్కెట్ మీద ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత వచ్చిన ఇంజిన్లలో ఆ వరుసే ఎత్తేసి హెడ్‌కు 10 బోల్టులు ఉంచారు.

హెడ్ల కొలతలు

ముందు స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్. వంపు 0.05 మి.మీ. దాటకూడదు. ఎడమ హెడ్‌కు 0.10 ఉంది, కుడిదానికి 0.04. రెండింటికీ ఫేసింగ్ (అడుగు తలాన్ని మెషీన్‌పై చదును చేయడం) చేయించాం, ఒక్కోదాన్నుంచి 0.15 మి.మీ. పోయింది. ఒక హెడ్‌కే చేయిస్తే రెండు వరుసల కంప్రెషన్ వేరవుతుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా సమంగా కూర్చోదు.

వాల్వులు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. వాల్వు కాడ మీద లాకులు (స్ప్రింగును పట్టి ఉంచే ముక్కలు) కూర్చునే గాడి అంచు నలిగి పదునుగా ఉంటుంది. దాన్ని సన్నటి ఆకురాయితో తీయకుండా వాల్వును లాగితే గైడ్ (కాడ ఆడే గొట్టం) గీసుకుపోతుంది. ఎగ్జాస్ట్ కాడల మీద గట్టిపడ్డ మసికీ ఇదే మాట.

కాడకూ గైడ్‌కూ మధ్య సందు ఇన్‌టేక్‌కు 0.025–0.066, ఎగ్జాస్ట్‌కు 0.038–0.078 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్ గైడ్లలో మూడు 0.12 దాకా అరిగాయి కాబట్టి ఎగ్జాస్ట్ వైపు ఎనిమిదీ మార్చేశాం. పాతవి ఎంత ఎత్తున నిలిచాయో కొలిచాకే వాటిని కొట్టి బయటికి తీయాలి. గైడ్ మార్చినచోట సీటు (వాల్వు మూసుకుని ఆనే అంచు) మళ్లీ కోయక తప్పదు. సీటు కోసే పనిముట్టు గైడ్ మధ్యగీతనే పట్టుకుంటుంది, కొత్త గైడ్ మధ్యగీత పాతదానితో కచ్చితంగా కలవదు. సీటు 46 డిగ్రీలు, వాల్వు ముఖం 45. ఆ ఒక్క డిగ్రీ తేడా ఉండాల్సిందే, మొదట్లో సన్నటి అంచు మీద గట్టిగా ఆనేది దానివల్లే. పేస్టుతో గంటలకొద్దీ రుద్దితే ఆ అంచు పోతుంది. రంగు పూసి, సన్న పేస్టుతో పది పన్నెండు తిప్పులు తిప్పి ఆపేయాలి. 2వ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలి గుంట పడింది, దాన్ని పారేశాం.

వాల్వు కాడ చివర స్ప్రింగ్ కూర్చునే తలం నుంచి 47.63 మి.మీ. దాటకూడదు. ఈ రాకర్లకు సర్దుబాటు స్క్రూ లేదు, అంతా హైడ్రాలిక్ టాపెట్టే (కామ్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య ఆయిల్ ఒత్తిడితో సందు సర్దే ముక్క) చూసుకోవాలి. సీటు కోసిన కొద్దీ కాడ పైకి లేస్తుంది, టాపెట్ లోపలికి నొక్కుకుపోతుంది. హద్దు దాటితే వాల్వు మూసుకోనే మూసుకోదు, కొత్త సీటు కొన్నాళ్లకే కాలిపోతుంది. మా కొలతలు 47.1 నుంచి 47.5. చివరగా హెడ్ తిరగేసి ఛాంబర్లలో కిరసనాయిలు పోసి పావుగంట ఉంచితే పోర్టుల్లోకి చెమ్మ రాలేదు.

బిగింపు

బ్లాకులో బోల్టు రంధ్రాల అడుగున నూనె, నీళ్లు మిగలకూడదు. మిగిలితే బిగించేటప్పుడు ఆ ద్రవానికి దారిలేక అల్యూమినియం బ్లాకు పగులుతుంది. గాలితో ఊది, గుడ్డతో తుడిచి, మళ్లీ ఊదాలి.

రేకు గాస్కెట్ బదులు కాంపోజిట్ రకం వేశాం. నొక్కుకున్నాక రేకు సుమారు 0.5 మి.మీ., ఇది సుమారు 1.2. కంప్రెషన్ కాస్త తగ్గుతుంది, ఉపరితలం లోపాలను మాత్రం బాగా సర్దుకుంటుంది. పది ప్రధాన బోల్టులను మధ్య నుంచి బయటికి మూడు దఫాలుగా బిగించాం: 30, 60, 90 న్యూటన్ మీటర్లు. బయటి నాలుగింటికి పుస్తకం చెప్పేది 60. ఒరిగే గొడవ తెలిసినవాళ్లు అంత బిగించరు, మేమూ 30 దగ్గర ఆపాం.

రాకర్ షాఫ్టులను 38 న్యూటన్ మీటర్లకు బిగించి టాపెట్ నొక్కుడు చూశాం. టాపెట్ కింద కామ్ గుండ్రటి భాగం (వాల్వును ఎత్తని వైపు) ఉండగా, టాపెట్ లోపలి ముక్కకూ దాని సర్‌క్లిప్‌కూ మధ్య సందు 0.5 నుంచి 1.5 మి.మీ. ఉండాలి. ఎడమ వరుస 0.9–1.1 వచ్చింది. కుడి వరుస మాత్రం 1.6–1.7. ఆ హెడ్‌కు ఇంతకుముందెప్పుడో ఎక్కువ ఫేసింగ్ జరిగి ఉండాలి.

రాకర్ స్టాండ్ల కింద 0.4 మి.మీ. షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) పెడితే సందు 1.0కి దిగింది. 0.4 పెడితే 0.4 కాకుండా 0.65 ఎందుకు తగ్గిందంటే, రాకర్ నిష్పత్తి 1.6. వాల్వు చివర కదలకుండా రాకర్ నడుమ లేస్తే పుష్‌రాడ్ చివర అంతకు 1.6 రెట్లకు పైగా లేస్తుంది. ఈ లెక్క మరిచి 1 మి.మీ. షిమ్ పెట్టినవాళ్లకు టక టక చప్పుడే మిగులుతుంది.

లోయ మీద రేకు గాస్కెట్, రెండు కొసల్లో రబ్బరు సీళ్లు, నాలుగు మూలల్లో చిటికెడు సీలెంట్. అంతకంటే ఎక్కువ రాస్తే అది విడిపోయి ఆయిల్ జల్లెడ చేరుతుంది.

స్టార్ట్ చేశాక

మొదటి పది నిమిషాలు టాపెట్లు చప్పుడు చేశాయి, ఆయిల్ ఎక్కాక ఆగాయి. 300 కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిస్తే ఎనిమిదీ 130 నుంచి 135 మధ్య. పాత మంచి సిలిండర్ల కంటే ఐదు తక్కువ, అది గాస్కెట్ మందం వల్లే. బ్రీదర్ పొగ ఆగింది. ఎడమ వెనక మానిఫోల్డ్ దగ్గర చిన్న గ్యాస్ లీకు మిగిలింది, చల్లారాక ఆ బోల్టులు మళ్లీ చూడాలి.