ఏ క్లాస్ ఎటు చూడమంటుంది

ఆదివారం, రాత్రి పదిన్నర.

డయాబ్లో 2 రిసరెక్టెడ్ అనే వీడియో గేమ్‌లో కొత్త ల్యాడర్ సీజన్, అంటే అందరూ సున్నా నుంచి మొదలుపెట్టి పోటీపడే దఫా, మొదలైంది. ఎంత పాత ఆటగాళ్లమైనా ల్యాడర్‌లోకి రావాలంటే మొదటి లెవెల్ నుంచి, దాచుకున్న ఐటమ్ ఒక్కటీ లేకుండా రావాల్సిందే. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకూ నేనూ కలిసి మొదలుపెట్టాం. వాడికి శనివారం రాత్రి ఎనిమిదైతే నాకు ఇక్కడ కాకినాడలో ఆదివారం పొద్దున్న ఆరున్నర. ఇంట్లో ఇంకా ఎవరూ లేవరు కాబట్టి ఆ టైమ్ నాకు బాగా కుదురుతుంది. ఈ ఆటలో మనం ఎంచుకునే పాత్ర రకాన్ని క్లాస్ అంటారు. వాడు మాయలు విసిరే సోర్సెరెస్, నేను అస్థిపంజరాల్ని లేపి కొట్టించే నెక్రోమాన్సర్.

వారం నుంచీ వాడిది ఒకటే ప్రశ్న. "అక్కా, అసలు ఏ క్లాస్ బెస్ట్?"

సీజన్ మొదట్లో అయితే సోర్సెరెస్ అని ఎవరిని అడిగినా చెప్తారు. నేనూ అదే చెప్పాను, అది నిజం కూడా. కారణం కూడా తేలికే. బార్బేరియన్ దెబ్బ బలం చేతిలోని ఆయుధాన్ని బట్టి ఉంటుంది. మంచి ఆయుధం దొరికేదాకా వాడు ఎంత కండలు తిరిగినవాడైనా నెట్టుకురావాల్సిందే. సోర్సెరెస్ మాయలకి ఆయుధంతో పని లేదు. స్కిల్‌లో పాయింట్ పెట్టిన కొద్దీ దెబ్బ పెరుగుతుంది. పైగా పద్దెనిమిదో లెవెల్‌కే టెలిపోర్ట్, అంటే ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలే మాయ, వస్తుంది. మిగతా క్లాసులకి అదే సౌకర్యం కావాలంటే రూన్లనే రాళ్లని కవచంలో వరసగా పొదిగి ఎనిగ్మా అనే రూన్‌వర్డ్ చేసుకోవాలి. జా, ఇథ్, బెర్ అనే రూన్లు కావాలి దానికి. జా, బెర్ దొరకడం అంటే మాటలు కాదు. అందుకే చాలామంది ముందు సోర్సెరెస్‌ని పెంచి, ఆవిడతో సంపాదించి, ఆ తర్వాత తమకి నచ్చిన క్లాస్‌ని మొదలుపెడతారు.

కానీ ఇవాళ పొద్దున్న మ్యాగట్ లేర్‌లోకి దిగాక, "బెస్ట్" అనే మాటలో ఇమడని తేడా ఒకటి చాలా స్పష్టంగా కనిపించింది. మర్చిపోకముందే రాసుకుంటున్నాను.

మ్యాగట్ లేర్ రెండో అంకంలో వస్తుంది. ఫార్ ఒయాసిస్ ఎడారిలో పురుగులు తొలిచిన బొరియ, మూడు అంతస్తులు. అన్నీ ఇరుకు సందులే, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. గుడ్లు పెట్టే పురుగులు ఒకపక్క, దెబ్బ తగలగానే ఒంట్లోంచి కరెంటు చిమ్మే పేడపురుగులు ఇంకోపక్క. అడుగున ఉన్న పెట్టెలో రాజదండం ఉంటుంది, అది తీసుకోకుండా కథ ముందుకు సాగదు. నెక్రోమాన్సర్‌తో ఆడేవాళ్లందరికీ ఈ చోటంటే గుబులే. బయట ఎడారిలో నా అస్థిపంజరాలు శత్రువుని నాలుగువైపులా చుట్టుముడతాయి. ఈ సందులో ముందున్న ఒక్కటే కొడుతుంది. మిగతావన్నీ దాని వెనక క్యూ కడతాయి.

"అక్కా, మనిద్దరికే ఇక్కడ చోటు లేదు, ఈ బ్యాచ్ అంతా ఎందుకు?" అని వాడు.

వాడు లైట్నింగ్ వేస్తున్నాడు. అది తిన్నగా గీత గీసినట్టు వెళ్లి, దారిలో ఉన్న అన్నిటినీ చీల్చుకుంటూ పోతుంది. బయట మైదానంలో అంత గొప్పగా అనిపించని ఆ మాయకి ఈ సందు వరంగా మారింది. శత్రువులన్నీ వాడి కోసమే వరసలో నిలబడినట్టున్నాయి. వాడు వేస్తున్నాడు, అవి పడుతున్నాయి. నాకు పనే లేదనుకున్నాను. ఇంతలో కింద పడ్డ మొదటి శవం కనిపించింది.

కార్ప్స్ ఎక్స్‌ప్లోజన్ నెక్రోకి ఆరో లెవెల్‌కే వస్తుంది. పడి ఉన్న శవాన్ని పేలిస్తే, ఆ ప్రాణి బతికున్నప్పుడు దానికి ఎంత లైఫ్ ఉండేదో దానికి తగ్గట్టుగా పక్కనున్నవాటికి దెబ్బ తగులుతుంది. నా చేతిలో ఏ కర్ర ఉన్నా, ఒంటిమీద ఏ చొక్కా ఉన్నా దానికి సంబంధం లేదు. మొదటి శవం పేలింది, పక్కనే ఉన్న పురుగు చచ్చింది. దాన్నీ పేల్చాను, ఇంకోటి చచ్చింది. మేం మలుపు తిరిగేసరికి ఆ సందు ఖాళీ. తమ్ముడు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని "ఓహ్, నువ్వు కిందకి చూస్తున్నావా!" అన్నాడు.

ఆ మాటే నన్ను రోజంతా పట్టుకుంది. నిజమే, నేను కిందకే చూస్తున్నాను. వాడు ఎక్కడ చూస్తున్నాడు మరి? అడిగితే స్క్రీన్ చివర అన్నాడు. వాడి సోర్సెరెస్‌కి లైఫ్ తక్కువ, దగ్గరికి వచ్చిన ప్రతిదీ ప్రమాదమే. కాబట్టి ఇంకా చీకట్లోంచి బయటికి రాని వాటి మీదే వాడి కన్ను. ఒకే స్క్రీన్, ఒకే సందు. వాడు రాబోయేవాటిని చూస్తున్నాడు, నేను పోయినవాటిని చూస్తున్నాను. మా ఇద్దరి ఆటా అందుకే వేరు.

మధ్యాహ్నం అందరూ పప్పూ చారూ తిని పడుకున్నాక నా పాత క్యారెక్టర్లని ఒక్కొక్కటే తెరిచి, ఈ సంగతి నిజమేనా అని చూశాను. ల్యాడర్ కాదు, ఆఫ్‌లైన్‌లో ఉన్నవి.

ముందు హ్యామర్ ప్యాలడిన్. బ్లెస్డ్ హ్యామర్ వేస్తే సుత్తి నా పక్కనుంచి బయల్దేరి, నా చుట్టూ తిరుగుతూ దూరం జరుగుతూ పోతుంది. శత్రువు మీదకి గురిపెట్టే పని లేదు. ఆ సుడి వాడిని తాకేలా నేను నిలబడాలి. ఒక్క అడుగు తేడా వస్తే సుత్తులన్నీ వాడి పక్కనుంచి పోతాయి. దీంతో ఆడుతున్నంతసేపూ నేను చూసేది నా కాళ్లనే. బయటివాళ్లు చూస్తే ఒకే బటన్ నొక్కుతూ నిలబడ్డట్టుంటుంది కానీ, ఎక్కడ నిలబడాలన్నదే ఆ క్లాస్‌లో అసలు విద్య. హెల్ అనే అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో మ్యాజిక్ డ్యామేజీని తట్టుకునేవి తక్కువ కావడంతో ఇది ఇన్నేళ్లుగా నిలబడింది. నాకు మాత్రం ప్యాలడిన్ గొప్ప అంతా ఆరాల్లోనే, అంటే చుట్టూ ఉన్నవాళ్లకి పనికొచ్చే వెలుగుల్లోనే, ఉందనిపిస్తుంది. ఒక్కడు వెలిగిస్తే పక్కనున్న పార్టీ అందరికీ పనికొస్తుంది. ఏ ఆరా వెలిగించాలో తేల్చుకోవాలంటే పక్కవాళ్లు ఏం చేస్తున్నారో గమనిస్తూ ఉండాలి.

బార్బేరియన్‌తో వర్ల్‌విండ్ వేశాను. మొదలుపెట్టే ముందే ఎక్కడిదాకా వెళ్లాలో తేల్చుకోవాలి, మొదలయ్యాక మధ్యలో ఆగడం ఉండదు. గుంపు ఈ అంచు నుంచి ఆ అంచుకి గీత గీసి, అటుపక్క తేలేసరికి ప్రాణం ఎంత మిగులుతుందో ముందే లెక్కేసుకోవాలి. కన్నంతా ప్రాణం ఎంతుందో చూపించే ఎర్రగోళం మీద, గుంపు మందం మీద. బ్యాటిల్ ఆర్డర్స్ అని ఒక అరుపు అరిస్తే పార్టీలో అందరి లైఫ్, మానా (మాయలకి ఖర్చయ్యే శక్తి) పెరుగుతాయి. ఆ అరుపు కోసమైనా ఏ గుంపులోనైనా బార్బ్‌కి స్వాగతమే.

జావెలిన్ అమెజాన్‌తో ఎక్కువసేపు ఆడలేదు. లైట్నింగ్ ఫ్యూరీ ఈటె ఎవడికి తగిలితే వాడి దగ్గర్నుంచి మెరుపులు చిమ్ముతాయి కాబట్టి, వెనకాల ఎక్కువమంది ఉన్నవాణ్ని వెతుక్కోవాలి. అసాసిన్ ట్రాపులు పెట్టి పక్కకి తప్పుకోవాలి. ఒకసారి ఐదుకి మించి పెట్టలేం. ఆవిడ డెత్ సెంట్రీ కూడా శవాల్ని పేలుస్తుంది, అందుకే నెక్రోతో ఆడినవాళ్లకి ఆవిడ తొందరగా అలవాటవుతుంది. డ్రూయిడ్ నా చేతికి ఎప్పుడూ రాలేదు. 2000లో వచ్చిన ఐదు క్లాసులతోనూ, మరుసటి ఏడాది ఎక్స్‌పాన్షన్‌లో వచ్చిన అసాసిన్‌తోనూ నాకు ఇబ్బంది లేదు కానీ, తోడేలుగా మారి కొరకడం ఎందుకో నచ్చదు. నచ్చినవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

ఈ ఆటలో నాకు బాగా ఇష్టమైన సంగతి, క్లాసులన్నిటినీ ఒకే త్రాసులో తూచి సమానం చేయాలని ఎవరూ పట్టుబట్టకపోవడం. 2022లో 2.5 ప్యాచ్‌లో సండర్ చార్మ్‌లనే ఐటమ్‌లు తెచ్చి, హెల్‌లో కొన్ని రకాల దెబ్బలు అసలు తగలని శత్రువులకి కూడా ఎంతో కొంత తగిలేట్టు చేశారు. నిప్పో మెరుపో ఒకే మూలకం మీద ఆధారపడే బిల్డులకి, అంటే పాయింట్లు పెట్టుకునే పద్ధతులకి, దానివల్ల చాలా మేలు జరిగింది. అయినా సోర్సెరెస్ ఇప్పటికీ సోర్సెరెస్‌లాగే ఉంది, నెక్రో నెక్రోలాగే ఉన్నాడు. ఎవరి నడక వారిది.

నా సొంత కారణం ఇంకొకటి ఉంది. మేం ఆడేది అమెరికా సర్వర్లో కావడంతో నాకు ప్రతీదీ కాస్త ఆలస్యంగా అందుతుంది. క్షణంలో తప్పుకోవాల్సిన క్లాస్ అయితే ఆ ఆలస్యానికి టెన్షన్ తప్పదు. అస్థిపంజరాలకి ఆ బాధ లేదు, నేను అర క్షణం వెనకబడినా అవి వాటి పని అవి చేసుకుంటాయి. కాకినాడ నుంచి ఆడేదాన్ని కాబట్టి నెక్రో నాకు ఇంకా నచ్చుతుంది. వేగం లెక్కలు వేసి క్లాసులకి వరస కట్టేవాళ్లు ఇలాంటివి లెక్కలోకి తీసుకోరు.

సాయంత్రం ఆరున్నరకి వాడి వాయిస్ మెసేజ్. వాడికి పొద్దున్న ఎనిమిది. "అక్కా, ప్యాలడిన్‌కి మారిపోనా? ఇంకా రెండో అంకమేగా."

ఫోన్ చేశాను. "ఒరేయ్, ఇవాళ ఆ సందులో నీకు విసుగొచ్చిందా?" అని అడిగాను. లేదన్నాడు. దూరంనుంచి వచ్చేవాటిని కనిపెట్టి కొట్టడం బాగుందన్నాడు. అయితే మారకు అన్నాను. పాయింట్లు ఎక్కడో తేడా పెట్టానని బెంగ ఉంటే, మొదటి అంకంలోని డెన్ ఆఫ్ ఈవిల్ పని పూర్తిచేసినందుకు అకారా అనే పాత్ర ఒకసారి అన్నీ వెనక్కి ఇస్తుంది, దానికోసం క్లాస్ మార్చక్కర్లేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని అసలు లెక్క మాట్లాడుకున్నాం. నాకు ముప్పయ్యో లెవెల్‌కి లోయర్ రెసిస్ట్ శాపం వస్తుంది. అది వేస్తే వాడి మెరుపులు శత్రువుకి ఇంకా గట్టిగా తగులుతాయి. చిక్కేమిటంటే ఒక శత్రువు మీద ఒక్క శాపమే నిలుస్తుంది. నేను ఇప్పుడు వేస్తున్న యాంప్లిఫై డ్యామేజ్ శాపం ఆయుధాల దెబ్బల్ని పెంచేది, నా అస్థిపంజరాల కోసం. లోయర్ రెసిస్ట్ వేస్తే అది పోతుంది. పైగా దాన్ని అందుకోవాలంటే మధ్యలో ఉన్న కొన్ని శాపాలకి తలా ఒక పాయింట్ పెట్టాలి. లెవెల్‌కి వచ్చేదే ఒక పాయింట్, అవన్నీ అస్థిపంజరాలకి పోవాల్సినవి.

"నీ సైన్యం బలహీనపడుతుంది కదక్కా, వద్దులే," అన్నాడు.

శవం పేలుడులో సగం అగ్ని దెబ్బే, లోయర్ రెసిస్ట్ దానికీ పనికొస్తుందని చెప్పాను. గుంపు వస్తే మొదటి శవం పడేదాకా వాడి మెరుపుకి తోడుగా లోయర్ రెసిస్ట్, ఒక్కటే పెద్దది ఎదురైతే దాన్ని చుట్టుముట్టిన అస్థిపంజరాల కోసం యాంప్లిఫై. అలా ఒప్పందం కుదిరింది. వచ్చే శనివారం రాత్రి, అంటే నా ఆదివారం పొద్దున్న, రాజదండానికి తాయెత్తు తగిలించి, ఈ అంకం చివర ఎదురయ్యే రాక్షసుడు డురియల్ గదికి వెళ్లాలి. అది చాలా చిన్న గది. వాడు స్టాటిక్ ఫీల్డ్ మాయతో డురియల్ లైఫ్ కోస్తుంటే, నేను మాయతో లేపే మట్టి బొమ్మని (క్లే గోలెమ్) అడ్డం పెట్టి దాన్ని నెమ్మది చేయాలి. బొమ్మ విరిగిపోతే మళ్లీ లేపడానికి సరిపడా, మానా నింపే నీలం సీసాలు రెండు వరసలు నింపుకుని రమ్మని నాకు వాడి ఆర్డర్.