మేక నోరు అందని చోట

మేము దిగాల్సిన చోటు బస్సు కిటికీలో వెనక్కి వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాం. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌కో లోయలో, త్రీ సిస్టర్స్ అనే మూడు కొండల ఎదురుగా కార్లు ఆపుకునే జాగా ఉంది గానీ మా బస్సుకు అక్కడ స్టాప్ లేదు. లేచి వెళ్లి అడిగాను. స్టాప్ లేని చోట ఆపడం కుదరదన్నాడు డ్రైవర్, మర్యాదగానే. మన ఆర్టీసీ బస్సులో అయితే "కంపచెట్టు కాడ ఆపప్పా" అంటే ఆపుతారు. మమ్మల్ని గ్లెన్‌కో ఊరి దగ్గర దించి బస్సు వెళ్లిపోయింది. ఇప్పుడు వచ్చిన దారినే దాదాపు ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి పోవాలి. ఏ82 రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో తెలిసినవాళ్లెవరూ దాని అంచున నడవరు. టాక్సీ పిలిస్తే 25 పౌండ్లు. గ్లాస్గో నుంచి ఇద్దరికీ రానూపోనూ బస్సు టికెట్లకే అంతకుముందు 80 పౌండ్లు దాటాయి. నాయన రూపాయల్లోకి మార్చుకుంటున్నాడని ఆయన పెదాలు కదలడం చూసి తెలుసుకున్నాను. పదకొండు వేల పైమాటే.

"ధర్మవరం నుంచి ఇంటిల్లిపాదీ తిరుపతికి పోయి రావచ్చు కదరా" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు.

నాయన రెండు నెలల కోసం మా దగ్గరికి వచ్చాడు. గ్లాస్గోలో చూపించాల్సినవన్నీ మొదటి వారంలోనే చూపించేశాను. దేనికీ ఆయన కళ్లు వెలగలేదు. మా తాతకు గొర్రెల మంద ఉండేది. నాయన ఇరవై ఏళ్లు వచ్చేదాకా దాని వెనకే తిరిగాడు, ఆ తర్వాత చెనక్కాయ సేద్యం. అలాంటి మనిషికి షాపింగ్ సెంటర్‌లో ఏం చూపిస్తాం? గ్లెన్‌కోకు నేను అంతకుముందు నాలుగుసార్లు వెళ్లాను. మనిషి చెయ్యి పడని ప్రకృతి అంటే ఇదేనని ఇంట్లో ఫోన్ చేసిన ప్రతిసారీ చెప్పేవాణ్ణి. మే నెల చివరి వారంలో ఒక శనివారం, వాన లేదని తెలిశాక, పులిహోర డబ్బా కట్టుకుని బయల్దేరాం.

టాక్సీ దిగగానే నాయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. ఎదురుగా మూడు కొండలు, మూడు నల్లటి ముక్కుల్లా రోడ్డు మీదికి చొచ్చుకొచ్చి ఉన్నాయి. వాటి వెనక బిదియన్ నమ్ బియన్ శిఖరం, 1,150 మీటర్లు. పై మడతల్లో ఇంకా మంచు మిగిలి ఉంది. మా వీపు వైపు ఏనఖ్ ఏగఖ్ గట్టు రంపం పళ్లలా నిలువుగా లేచింది. లోయ అడుగు మాత్రం వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. "పశువుల తొట్టి మాదిరి ఉండాది" అన్నాడు నాయన. సరిగ్గా అదే పోలిక. నీళ్లు కోసిన లోయకు అడుగు సన్నగా ఉంటుంది, మంచు కోసిన లోయ ఇలా తొట్టిలా ఉంటుంది. దాదాపు 42 కోట్ల ఏళ్ల కింద ఇక్కడ అగ్నిపర్వతం పేలి, దాని నడినెత్తి లోపలికి కుంగింది. గట్టిపడిన ఆ రాయిని ఎంతో కాలం తర్వాత హిమానీనదాలు చెక్కాయి. చివరి మంచు కరిగి సుమారు 11,500 ఏళ్లయింది. ఇదంతా నేను ఉత్సాహంగా చెప్పుకుంటూ పోతున్నాను. ఆయన విన్నాడు. విని ఒకే మాట అడిగాడు.

"ఇన్ని వానలు పడే తావులో కొండకి ఒక్క చెట్టు లేదేమిరా?"

చలి అన్నాను, గాలి అన్నాను, మట్టి పలచన అన్నాను. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. మా ఊరి గుట్టలు బోడిగా ఉన్నాయంటే వాన లేదు కాబట్టి. ఇక్కడ ఏడాది పొడవునా వానే. గడ్డి మోకాలి దాకా పచ్చగా ఉంది. అయినా కొండ మొదలు నుంచి కొస దాకా చెట్టు నీడ లేదు. నాలుగుసార్లు వచ్చినా ఈ ప్రశ్న నాకు ఎందుకు రాలేదో తెలియదు. నాయన వాదించలేదు, "పద" అన్నాడు.

మేము వెళ్లింది లాస్ట్ వ్యాలీకి, అంటే కనబడకుండా పోయిన లోయకి. ఇక్కడి పాత భాష గేలిక్‌లో కోరీ గాల్ అంటారు, పట్టి తెచ్చినవాటిని దాచే లోయ అని అర్థం. రానూపోనూ నాలుగు కిలోమీటర్లే గానీ మూడు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. టికెట్ లేదు, గేటు లేదు. స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం బాధ్యతగా నడిచేవాళ్లు ఎవరి భూమిలోనైనా నడవచ్చు. ఈ ఒక్క సంగతి నాయనకు బాగా నచ్చింది. కో నది మీద చిన్న వంతెన దాటగానే దారి నిటారుగా లేస్తుంది. వేలమంది బూట్లు రుద్ది రుద్ది రాళ్లు గుడి మెట్లలా నున్నగా అయ్యాయి. రెండు మూడు చోట్ల చేతులు కూడా ఆనించి ఎక్కాలి. ఆయనకు అరవై నాలుగేళ్లు, మోకాళ్లు ఏమంటాయోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం ఎడమ పక్క లోయలోకే చూస్తూ ఎక్కుతున్నాడు.

ఆ పక్కన వాగు లోతుగా కోసుకుపోయిన ఇరుకు ఉంది. అందులో చెట్లు! తెల్ల బెరడు బిర్చ్‌లు, ఈకల్లాంటి ఆకుల రోవన్‌లు, కొమ్మల నిండా పాచి. కింద నీళ్ల మోత. కొత్త ఆకు అప్పుడే విచ్చుకుంది. ఎక్కడో కుక్కూ కూసింది. మన కోకిలకు దాయాదే, గొంతు మాత్రం వేరు. నాయన ఆగి ఊపిరి తీసుకుని ఒక బండ చూపించాడు. ఎనుము అంత బండ, నాలుగు పక్కలా నిలువు. దాని నెత్తిన నడుమెత్తు రోవన్ మొక్క ఒకటి మొలిచి ఉంది. బండ చుట్టూ నేల మీద గడ్డి తప్ప ఏమీ లేదు.

"చూసినావా? బండ మీద మట్టి ఎంతుంటాదిరా, చారెడు. ఆడ బతికినాది ఈడ కింద బతకలేదా? నోరు అందని తావులోనే చెట్టు ఉండాది. ఈ కొండని ఏదో మేసేస్తాండాది."

చిన్నప్పుడు మా ఊరి గుట్ట మీద రావిమొక్క బండ చీలికలోనే ఎందుకు ఉంటుందని నేను అడిగితే తాత చెప్పిన మాట గుర్తొచ్చింది. కింద మొలిచినవి కూడా ఉంటాయి, వాటిని మేక చిగురులోనే కొరికేస్తుంది. ఆ మాటను నేను మా గుట్టకే వదిలేసి వచ్చాను. నాయన వెంట తెచ్చుకున్నాడు.

ఏదో అంటే ఎర్ర జింకలు, గొర్రెలు. తోడేళ్లు 18వ శతాబ్దం నాటికే ఈ దేశంలో లేకుండా పోయాయి. జింకను వేటాడే జంతువు ఇంకొకటి లేదు. హైలాండ్స్ అనే ఈ కొండసీమలో చాలా చోట్ల జనాన్ని ఖాళీ చేయించి మరీ గొర్రెల్ని దించారు. ఈ చరిత్ర నేను చదివినదే. కానీ ఈ బోడి కొండల అందానికీ దానికీ ముడి ఉందని నాకెప్పుడూ తట్టలేదు. మనిషి చెయ్యి పడలేదని నేను మురిసిపోయిన కొండ, కొన్ని వందల ఏళ్లుగా మందల నోళ్లలో నలిగిన కొండ.

వాగు దాటి, ఇళ్లంత బండల మధ్య నుంచి పైకి తేలగానే లాస్ట్ వ్యాలీ ఒక్కసారిగా విప్పుకుంటుంది. మూడు వైపులా గోడలు, నడుమ గచ్చు చేసినట్టు చదునైన నేల. ఎప్పుడో కొండ చరియ విరిగి ముఖద్వారంలో పడి దారి మూసేసింది, దాని వెనక గులకరాళ్లు చేరి ఈ మైదానం తయారైంది. కింది రోడ్డు మీద నిలబడితే ఇలాంటి చోటు పైన ఉందని ఎవరూ ఊహించలేరు. మెక్‌డోనాల్డ్ వంశం వాళ్లు పక్క తెగల నుంచి తోలుకొచ్చిన పశువుల్ని ఇక్కడే దాచేవారని చెప్పుకుంటారు. నాయన చుట్టూ ఒకసారి చూసి, ఒక్క మనిషి చాలు కాపలాకి, అన్నాడు.

పై నుంచి వచ్చిన వాగు ఆ మైదానంలో మాయమైపోయింది. గులకరాళ్ల కిందికి ఇంకి, బండల దగ్గర మళ్లీ బయటపడుతుంది. నాయన వంగి చెవి పెట్టాడు. మా చిత్రావతి ఇసక కింద ఇలాగే పోతుంది. ఎండాకాలం చెలమ తవ్వి, ఊరే దాకా ఆగి, చిప్పతో తోడి గొర్రెలకు పోసేవాళ్లట. నాకు ఆ చెలమలు తెలియవు, నేను పుట్టేసరికి బోర్లు వచ్చాయి. నాయన ఆ గులకరాళ్ల మీదే కూర్చుని పులిహోర తిన్నాడు. చెలమ దగ్గర మంద విడిస్తే తోడేళ్లు ఎలా వచ్చేవో, తాత రాత్రంతా నెగడు ఎలా వేసేవాడో అంతసేపూ చెప్పాడు. ఇంట్లో ఉన్నప్పుడు ఆయన నాతో ఇంతసేపు మాట్లాడిన రోజు నాకు గుర్తులేదు. పైన ఒక పెద్ద పక్షి రెక్క కదపకుండా తిరిగింది. బంగారు గద్ద అని నా ఆశ. దూరం వల్ల తేల్చుకోలేకపోయాను.

నేను 1692 కథ చెప్పాను. రాజుకు విధేయత ప్రమాణం చేయడానికి గడువు జనవరి 1. ఇక్కడి మెక్‌డోనాల్డ్‌ల పెద్ద మెక్‌ఇయన్ తప్పు ఊరికి వెళ్లి, సరైన ఊరు చేరి ప్రమాణం చేసేసరికి కొన్ని రోజులు ఆలస్యమైంది. ఫిబ్రవరిలో సైనికులు వచ్చి ఈ లోయ ఇళ్లలోనే బస చేశారు. దాదాపు రెండు వారాలు వాళ్లు పెట్టిందే తిన్నారు. 13వ తేదీ తెల్లవారుజామున ఆ ఇంటివాళ్లనే చంపారు. 38 మంది అంటారు. మంచులో కొండల్లోకి పారిపోయిన ఆడవాళ్లు, పిల్లలు ఇంకెంతమందో చలికి చనిపోయారు. నాయన ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. "ఉప్పు తిన్న ఇంట్లోనే?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దిగేటప్పుడు గాలి పడిపోయింది. అంతే, నుసుమలు లేచాయి. ఇక్కడ మిడ్జ్ అంటారు. చూడ్డానికి చుక్కంత, కరిస్తే నిప్పురవ్వ. కనుబొమలు, చెవులు, జుట్టు, ఏదీ వదలవు. వేసవిలో సాయంత్రం వేళ ఇక్కడికి రావాలనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోండి. కార్ల దగ్గర మేము తలలు దులుపుకోవడం చూసి ఒక ముసలి దంపతులు కారెక్కించుకుని విజిటర్ సెంటర్ దగ్గర దించారు. పెట్రోలుకు ఇస్తానంటే నవ్వి వెళ్లిపోయారు.

సెంటర్ బయట 17వ శతాబ్దపు ఇంటి నమూనా కట్టి పెట్టారు. లోపల అల్లిన దడి, బయట గడ్డి పెళ్లలు పేర్చిన గోడ. నాయన దడిని వేళ్లతో లాగి చూసి, అల్లిక బిగువుగా ఉందన్నాడు. ఈ లోయ 1930ల నుంచి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంరక్షణ సంస్థ చేతిలో ఉంది. అక్కడున్న ఒక అమ్మాయికి నాయన ప్రశ్నను ఇంగ్లీషులో అడిగాను. అవును, మేతే కారణం అంది. అడవి మళ్లీ రావాలని జింకల సంఖ్యను ఏటా కాల్చి తగ్గిస్తారట. నాయనకు తెలుగులో చెప్పాను. కాల్చడం అనగానే ఆయన ముఖం మారింది. "మందలో తగ్గించాల్సినవి మా నాయనా తగ్గించేవాడు, అమ్మేవాడు. కానీ ఆ రాత్రి తినేవాడు కాదు" అన్నాడు.

తిరుగు బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. ఎక్కాక నేను నిద్రపోయాను. రానోక్ మూర్ అనే బురద మైదానం మొదలయ్యే చోట, కింగ్స్ హౌస్ హోటల్ దగ్గరేమో, నాయన మోచేత్తో పొడిచి లేపాడు. రాత్రి ఎనిమిది దాటినా వెలుతురు పోలేదు. రోజంతా కనబడని జింకలు రోడ్డుకు కాస్త దూరంలో బురద నేల మీద మేస్తున్నాయి. తలెత్తి బస్సును చూసి మళ్లీ దించుకున్నాయి. నేను ఫోన్ తీసేలోపే బస్సు దాటిపోయింది.

నాయన వేళ్లు మడుస్తున్నాడు.

"పద్నాలుగు" అన్నాడు. "అన్నీ ఆడవే. ఆరేడు చూడివి. ఇంక నెల లోపల ఈనుతాయి."