గిరి ప్రదక్షిణలో అర్థమైన స్థానభ్రంశం

ఈఏపీసెట్‌లో భౌతికశాస్త్రానికి 40 ప్రశ్నలు. సరళరేఖా గమనం తేలిక పాఠమే కదా అని మనలో చాలామంది గబగబా దాటేస్తాం. నేనూ దాటేశాను. ఒక నమూనా పరీక్షలో ఈ లెక్క వచ్చింది: ఎత్తైన మేడ మీది నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే, 5 సెకన్లలో అది ప్రయాణించిన దూరమెంత? గురుత్వ త్వరణం 10 అనుకోవాలి. గమన సమీకరణంలో (s = ut − ½gt²) విలువలు వేశాను. 100లోంచి 125 పోతే మైనస్ 25. గుర్తు వదిలేసి 25 పెట్టాను. సరైన జవాబు 65.

బంతి మొదటి 2 సెకన్లలో 20 మీటర్లు పైకి వెళ్ళింది, తర్వాతి 3 సెకన్లలో 45 మీటర్లు కిందికి వచ్చింది. గమన సమీకరణం ఇచ్చేది స్థానభ్రంశం, నన్ను అడిగింది దూరం. దూరం అదిశ (దిక్కుతో పని లేనిది), స్థానభ్రంశం సదిశ (దిక్కు కూడా ఉన్నది) అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అయినా లెక్క దగ్గర అది అక్కరకు రాలేదు.

ఆ ఆషాఢ పౌర్ణమికి అమ్మతో సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్ళాను. కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి సాయంత్రం 4 గంటలకు బయలుదేరాం. అడివివరం దాటి హనుమంతవాక చేరేసరికి చీకటి పడింది. బయలుదేరిన చోటు అక్కడికి దాదాపు పడమరగా, కొండకు అవతల ఉంది. మేము చుట్టూ తిరిగి వచ్చిన దారి దూరం. మెట్ల దగ్గరి నుంచి మేము నిలబడ్డ చోటికి తిన్నగా గీసిన గీత స్థానభ్రంశం, అదీ తూర్పు దిక్కుగా. కంచరపాలెంలో తడిసిన కంకర అరికాళ్ళకు గుచ్చుకుంటుంటే అమ్మ అడిగింది, "ఇంకెంత దూరం నాన్నా?" అప్పుడు తట్టింది. అడుగు అడుగుకీ నడిచిన దూరం పెరుగుతోంది, బయలుదేరిన చోటు మాత్రం దగ్గరవుతోంది. దూరం ఎప్పటికీ తగ్గదు. స్థానభ్రంశం తగ్గగలదు.

రాత్రి 2 గంటలకు మళ్ళీ తొలిపావంచా చేరాం. 32 కిలోమీటర్లు, 10 గంటలు. దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు వడి గంటకు 3.2 కిలోమీటర్లు. స్థానభ్రంశాన్ని భాగిస్తే వచ్చే సగటు వేగం మాత్రం సున్నా, బయలుదేరిన చోటికే వచ్చాం కదా. అక్కడి నుంచి మెట్లెక్కి దర్శనానికి వెళ్ళాం కాబట్టి ఆ సున్నా కూడా నిలవలేదు! మొదలు ఏది, చివర ఏది అన్నది తేల్చుకోకుండా స్థానభ్రంశం లెక్క ముట్టుకోకండి.

ఇప్పుడు ఏ లెక్కలోనైనా ముందు వేగం ఎక్కడ సున్నా అవుతుందో వెతుకుతాను. అక్కడ వస్తువు వెనుదిరిగితే ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి, దూరానికి కలుపుతాను, స్థానభ్రంశానికి తీసివేస్తాను. వేగం, కాలం గ్రాఫులోనూ ఇంతే: కాలం అక్షానికి దిగువన పడే వైశాల్యాన్ని దూరానికి కూడాలి, స్థానభ్రంశానికి తీసేయాలి.

ఇది చేసి చూడండి. తొలి వేగం సెకనుకు 4 మీటర్లు, ప్రతి సెకనుకూ 2 చొప్పున తగ్గుతోంది. 3 సెకన్లలో స్థానభ్రంశం 3 మీటర్లు, దూరం 5 మీటర్లు రావాలి. మీకు రెండూ 3 వస్తే, 2వ సెకను దగ్గర ఒకసారి ఆగి చూడండి.