1864లోనే ఉన్న నా కొత్త డ్రమ్ము

వరంగల్‌లోని మా షెడ్డులో ఇరవై ఏళ్లుగా పల్లీలు, శనగలు వేయించే డ్రమ్ములు తయారు చేస్తున్నాను. హనుమకొండలో కాఫీ కొట్టు పెట్టిన ఒక కుర్రవాడు అరకు పచ్చి గింజల సంచితో వచ్చి, రెండు కిలోలు వేగే యంత్రం కావాలని అడగడంతో ఈ కథ మొదలైంది. నాలుగేళ్ల తిప్పల తరువాత మొన్న శుక్రవారం దానికి పేటెంటు మంజూరైనట్లు మెయిలు వచ్చింది కనుక, మరిచిపోకముందే రాస్తున్నాను.

దరఖాస్తు వేయడం సులువే. తెలంగాణవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి గానీ ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. వ్యక్తిగా వేసుకుంటే రుసుము 1,600 రూపాయలు, దరఖాస్తును పరీక్షించమని కోరుతూ ఇచ్చే ఫారం 18కి మరో 4,000. పద్దెనిమిది నెలలు దాటాక పేటెంట్ల పత్రికలో ప్రచురణ అయితే వీధంతా మిఠాయిలు పంచాను. ప్రచురణ వేరు, మంజూరు వేరు అని అప్పటికి నాకు తెలియదు.

నా గాలి తీసినది ఆ తరువాత వచ్చిన మొదటి పరీక్ష నివేదిక, అంటే నాది నిజంగా కొత్తదేనా అని చూసి పేటెంటు కార్యాలయం అభ్యంతరాలు రాసి పంపేది. డ్రమ్మును ఆపకుండా, పొయ్యి మీది నుంచి దించకుండా, తలుపు తెరవగానే గింజలు వాటంతటవే బయటికి రావడమే నా గొప్ప అనుకున్నాను. లోపల రెండు మెలిక పట్టీలు ఉంటాయి. ఒకటి గింజలను ముందుకు తోస్తే మరొకటి వెనక్కి తోస్తుంది కాబట్టి ఏ గింజా ఒకచోట ఆగి మాడదు. ఆ నివేదికలో మొట్టమొదట చూపిన పత్రం న్యూయార్క్‌లోని జాబెజ్ బర్న్స్ 1864లో పొందిన పేటెంటు. ఆ రాత్రి మా మేనల్లుడు ఫోనులో ఆ బొమ్మ తెరిచి, "మామా, ఇది మన డ్రమ్మే గదా!" అన్నాడు. నేను సుద్దముక్కతో షెడ్డు నేల మీద గీసి, చెరిపి, మళ్లీ గీసుకున్న ఆ రెండు మెలికలే అక్కడ ఉన్నాయి. మా తాత తాతకు కూడా ముందే నా యంత్రాన్ని ఒకరు చేసి, అమ్ముకుని, వెళ్లిపోయారు.

పాత పేటెంట్లు వెతకడానికని విడిగా ఇరవై వేలు తీసుకున్న ఏజెంటును నిలదీస్తే, "అంత పాతవి ఎవరు చూస్తారండీ" అన్నాడు. పది క్లెయిముల దాకా, అంటే ఇది నా సొంతమని హక్కు కోరే అంశాల దాకా, అదనపు రుసుము ఉండదని తెలిసి కూడా నా చేత పద్నాలుగు వేయించి, ఒక్కో దానికి 320 చొప్పున కట్టించిన మనిషి ఆయన. వెతుకులాట మీరే చేసుకోండి. గూగుల్ పేటెంట్స్‌కు డబ్బులు అక్కరలేదు. వేడిగాలి ఊది గింజలను తేల్చి వేయించే యంత్రానికి మైకేల్ సివెట్జ్ 1976లోనే పేటెంటు తీసుకున్నాడని నాకు అలాగే తెలిసింది. నా తరువాతి ఆలోచన సరిగ్గా అదే కాబట్టి, ఈసారి ఇరవై వేలు మిగిలాయి.

మెలికలు పోగా నాకు మిగిలింది ఒక కడ్డీ. తలుపు తెరుచుకోగానే ఆ కడ్డీ ఫ్యాను గాలిని డ్రమ్ము నుంచి చల్లార్చే తొట్టిలోకి మళ్లిస్తుంది. దాని మీద కూడా పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) కింద అభ్యంతరం పెట్టారు. తెలిసిన పరికరాలను, దేని పని అది చేసుకునేలా, పక్కపక్కన పేర్చితే అది ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ సారాంశం. వీడియోలో జరిగిన విచారణలో ఏజెంటు ఇంగ్లిషులో పావుగంట ఏదో చదివాక, ఆ కడ్డీ లేకపోతే ఏమవుతుందని అధికారి అడిగారు. వేగిన గింజ బయట పడ్డాక కూడా తన లోపలి వేడితో వేగుతూనే ఉంటుందని, మనిషి లీవరు వెతికి తిప్పేలోగా రంగు ముదిరిపోతుందని, తలుపూ గాలీ ఒకదాన్నొకటి నడిపించడమే ఇందులో పని అని నేనే చెప్పాను. ఏజెంటు పావుగంట కన్నా నా రెండు నిమిషాలే పనికొచ్చాయని ఇప్పటికీ నా నమ్మకం. పదిహేను రోజుల్లోగా అదే మాట రాతపూర్వకంగా పంపి, పద్నాలుగు క్లెయిములను రెండుకు కుదించుకున్నాము.

మంజూరు మెయిలు వచ్చిన సంతోషం గంట కూడా నిలవలేదు, ఎందుకంటే పేటెంటు చెల్లుబాటులో ఉండడానికి ఏటేటా కట్టే పొడిగింపు రుసుములు మూడో ఏడాది నుంచి బకాయి పడ్డాయట, వాటిని మూడు నెలల్లో కట్టాలట. ఆ రసీదు చేతికి వచ్చేదాకా మిఠాయిలు తెప్పించేది లేదని ఇంట్లో చెప్పాను.