లండన్ ఆర్కెస్ట్రాకు మిర్యాలగూడ చెవి

వీడియో గేముల్లో వచ్చే సంగీతాన్ని ఆర్కెస్ట్రా వాయించేలా రాసివ్వడం లండన్‌లో నా ఉద్యోగం. ట్యూన్ ఎప్పుడో ఎవరో కట్టి ఉంటారు. అందులో వయొలిన్లకు ఏది, ఫ్లూటుకు ఏది, హార్న్‌కు ఏది అని పంచి, ఒక్కొక్కరి ముందు పెట్టే నోట్స్ తయారుచేస్తాను.

ఇది నిన్నమొన్న పుట్టిన పని కాదు. డ్రాగన్ క్వెస్ట్ గేమ్ 1986లో వచ్చింది. మరుసటి ఏడాదే టోక్యోలోని సన్టోరీ హాల్లో దాని సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో వినిపించారు. 2022లో బీబీసీ ప్రామ్స్ అనే లండన్ సంగీతోత్సవంలో గేమ్ సంగీతానికే ఒక కచేరీ కేటాయించారు.

నల్గొండలో మా తరం పిల్లలు క్యాసెట్ పెట్టి టీవీలో ఆడిన గేములు చాలావరకు ఫ్యామికామ్ అనే జపాన్ మెషిన్ కోసం చేసినవే. అందులో సౌండ్‌కు ఐదే చానెళ్లు. రెండు ట్యూన్‌కు, ఒకటి బేస్‌కు, ఒకటి డ్రమ్ముల్లాంటి చప్పుడుకు, ఇంకొకటి చిన్న చిన్న రికార్డింగ్ ముక్కలకు. మూడు స్వరాలు ఒకేసారి పలికించే వీలు లేని చోట వాటిని ఒకదాని వెంట ఒకటి గిరగిరా తిప్పేవారు. చెవి వాటిని కలిపేసుకునేది. ఇప్పుడు ఆ మూడింటినీ విడదీసి వయోలాలకు, హార్న్‌లకు నిలకడగా ఇస్తే వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ గేమ్ ఆడి పెరిగినవాళ్లకు ఆ గరుకుదనమే కావాలి. "ఇది నేను విన్న పాట కాదు" అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఒకే లెవెల్లో గంటలకొద్దీ ఇరుక్కుని ఆ ట్యూన్ విన్న మనిషికి అందులోని ప్రతి మలుపూ తెలుసు.

ముగింపు దగ్గరా ఇదే టెన్షన్. గేమ్‌లో పాట అయిపోదు, మళ్లీ మొదటికి వస్తుంది. కచేరీలో ఎక్కడో ఒకచోట ఆపాలి. అందుకే "బాగుంది" అన్న మాట కన్నా, "చివర్లో తొందరపడ్డట్టుంది" అన్న మాట నాకు ఎక్కువ పనికొస్తుంది.

అలా చోటు చూపించి చెప్పేవాళ్లలో మా మేనమామను మించినవాళ్లు లేరు. మిర్యాలగూడలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. గేమ్ అంటే ఆయనకు తెలియదు. కంప్యూటర్‌లో చేసిన డెమోను వాట్సాప్‌లో పంపుతాను. బారాత్‌కు వెళ్లే ముందు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఈమధ్య ఒకటి వినగానే ఫోన్ చేశాడు.

"అల్లుడా, గా క్లారినెట్ ఆయన గాలి ఎప్పుడు పీల్చుకోవాలె? ఆగకుండ వాయిస్తనే ఉన్నడు."

గేమ్ మెషిన్‌లో సౌండ్ పుట్టించే చిప్‌కు ఊపిరితో పని లేదు, డెమో వినిపించే కంప్యూటర్‌కూ లేదు. మనిషికి కావాలి. మరి ఏం చేద్దాం మామా అంటే, "మేం ఇద్దరం ఉంటం గద. ఒకడు దించేలోపే ఇంకొకడు ఎత్తుకుంటడు. బారాత్‌ల నడుసుకుంట గట్లనే వాయిస్తం" అన్నాడు.

ఆ లైన్‌ను ఇద్దరు క్లారినెట్ల మధ్య పంచాను. మొదటివారు వదిలే స్వరాన్నే రెండోవారు సన్నగా అందుకుంటారు. అతుకు వినపడకుండా ఆ ఒక్క స్వరం ఇద్దరికీ రాశాను. రిహార్సల్‌లో టీ బ్రేక్ ఇవ్వగానే రెండో క్లారినెట్ ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఇది క్లారినెట్ వాయించేవాళ్లు రాసినట్టుంది" అంది. మామ సంగతి చెప్పాను.

డీజే బాక్సులు వచ్చాక మామ బ్యాండుకు పిలుపులు తగ్గాయి. ముహూర్తాలు లేని నెలల్లో చేతిలో పైసలుండవు. అయినా ఆ చెవిలో ఉన్న విద్య ఎక్కడికీ పోలేదు. అలాంటివాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లను పెళ్లి ఊరేగింపులో చప్పుడు చేసేవాళ్లుగానే చూడటం నాకు బాధగా ఉంటుంది.

ఆ రెండో క్లారినెట్ ఆవిడ అడిగితే మామ బారాత్ వీడియో ఒకటి చూపించాను. డ్రమ్ముల మోతలోంచి ఒకచోట పట్టుకుని, "పై స్వరానికి ఇలా జారుతూ ఎలా వెళ్తున్నారు, వేళ్లతోనా, పెదవితోనా?" అని అడిగింది. మామను అడిగితే వాయిస్ మెసేజ్ పంపాడు. ముందు రెండుసార్లు వాయించి వినిపించాడు.

"వేళ్లు గభాల్న లేపొద్దు, మెల్లగ జరపాలె. గొంతు జర వదులు చెయ్యాలె. గా మేడమ్‌కు జెప్పు, ఆమె వాయించింది గూడ నాకు పంపుమను."