సుతిలి తాడుతో తొంభై డిగ్రీలు

మా ఊరు పరకాల దగ్గర. సంక్రాంతి సెలవుల్లో బడి వెనక ఖాళీ జాగాలో వాలీబాల్ కోర్టు గీసే పని నా మీద పడింది. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. టేపు ఉంటే పొడవుదేముంది, ఎవరైనా కొలుస్తారు. మూల సరిగ్గా తిరగాలి, టెన్షన్ అక్కడే.

"కోణమానిని తెస్తా మామా" అన్నాడు ఏడో తరగతి చదివే మా మేనల్లుడు. నోట్‌బుక్‌లో ఒక డిగ్రీ తేడా కంటికి ఆనదు. అదే డిగ్రీ 18 మీటర్లు పోయేసరికి గీతను 31 సెంటీమీటర్లు పక్కకు లాగేస్తుంది. అందుకే వృత్తలేఖిని పద్ధతే పట్టుకున్నా. సూదిమొనకు బదులు గూటం, పెన్సిల్‌కు బదులు పొడుగు మేకు, మధ్యలో సుతిలి తాడు.

ముందు పొడవు గీతకు దారం బిగించి, మూల దగ్గర ఒక గూటం దిగ్గొట్టాం. అదే గీత మీద మూలకు అటు 4 మీటర్లు, ఇటు 4 మీటర్ల దూరంలో ఇంకో రెండు. ఇందుకోసం దారాన్ని కోర్టు బయటికి కూడా సాగదీయాలి, జాగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. 8 మీటర్ల తాడుతో ఆ రెండు గూటాల నుంచీ చాపాలు గీశాం. అవి కోసుకున్న చోటు రెండింటికీ సమాన దూరం కాబట్టి, మూల నుంచి అక్కడికి లాగిన గీత లంబమై తీరాలి. చిన్న తాడుతోనూ లంబం వస్తుంది గానీ, పొట్టి గీతను 9 మీటర్లకు పొడిగిస్తే అందులోని తేడా కూడా పెరుగుతుంది.

"మామా, మూడు భుజాలూ ఎనిమిదే కదా, అంటే గూటాల దగ్గర అరవై డిగ్రీలు!" అన్నాడు వాడు. ఆ మాటకు నాకు పని సగం తేలికైనట్టనిపించింది.

పనితనమంతా చాపం గీయడంలోనే ఉంది. మేకు కొంచెం వాలినా వ్యాసార్థం మారిపోతుంది. మాది నల్లరేగడి, పెళ్ల తగిలితే మేకు ఎగిరిపడుతుంది. నైలాన్ తాడైతే లాగేకొద్దీ సాగుతుంది, దాని జోలికి పోవద్దు.

అటుగా పోతున్న మేస్త్రి ఆగి, "మూడు, నాలుగు, అయిదు కొట్టు తమ్మీ, గంతే" అన్నాడు. భుజాలు 3, 4, 5 మీటర్లుగా త్రిభుజం కడితే చిన్న భుజాలు రెండూ కలిసే మూల తొంభై డిగ్రీలే. ఇళ్లకు ముగ్గు పోసేది అట్లాగే, తప్పేం లేదు. కానీ దానికి మూడు కొలతలూ పక్కాగా ఉండాలి. చాపాలకైతే తాడు 8 మీటర్లకు నాలుగు వేళ్లు తక్కువైనా నష్టం లేదు, రెండువైపులా అదే పొడవుంటే చాలు.

నాలుగో మూలకు మళ్లీ లంబం గీయలేదు. ఒక మూల నుంచి 18, ఇంకో మూల నుంచి 9 మీటర్ల చాపాలు కోసుకున్న చోటే అది. కర్ణాలు కొలిస్తే రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్ల దగ్గర ఆగాయి. ముగ్గు మాత్రం దారానికి లోపలివైపే పోయించా. 5 సెంటీమీటర్ల గీత కూడా కోర్టు కొలతలోకే వస్తుంది.